రూల్ 5 డ్రాఫ్ట్ ఆటగాణ్ణి పైకి తెస్తుందా, అతని ఏడాదిని మింగేస్తుందా?

ఫ్రిస్కో నాన్న:
మనలో బేస్‌బాల్ చూసేవాళ్లు కొద్దిమందే. కానీ ఆ కొద్దిమందికీ దీని మీద గట్టి అభిప్రాయాలే ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను. కొత్తవాళ్ల కోసం రూల్ ఏంటో ముందు చెప్తాను. అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి మేజర్ లీగ్, దాని కింద కుర్రాళ్లు ఆట నేర్చుకునే లీగ్‌లు మైనర్స్; వాటిలో అన్నిటికంటే పైది ట్రిపుల్-ఏ, దాని కిందిది డబుల్-ఏ. 18 ఏళ్లకి గానీ అంతకంటే ముందు గానీ సంతకం చేసిన కుర్రాణ్ణి ఐదు సీజన్లలో, 19కి గానీ ఆ తర్వాత గానీ చేసినవాణ్ణి నాలుగు సీజన్లలో మేజర్ లీగ్ జట్టు తన 40 మంది జాబితాలో చేర్చుకోవాలి. చేర్చుకోకపోతే డిసెంబరులో ఇంకో జట్టు లక్ష డాలర్లు కట్టి అతన్ని తీసుకుపోవచ్చు. అయితే తీసుకున్నవాళ్లు తర్వాతి సీజనంతా మేజర్ లీగ్ జట్టులోనే ఉంచాలి, మైనర్స్‌కి పంపకూడదు. ఉంచలేకపోతే, మధ్యలో వేరే జట్టేదీ అడగకపోతే, సగం డబ్బుకి పాత జట్టుకే తిరిగి ఇస్తామనాలి.

మా ఫ్రిస్కోలో టెక్సస్ రేంజర్స్ అనే మేజర్ లీగ్ జట్టు వాళ్ల డబుల్-ఏ జట్టు రఫ్‌రైడర్స్ ఆడుతుంది. ఆట అయ్యాక 22, 23 ఏళ్ల కుర్రాళ్లు కంచె దగ్గరికొచ్చి పిల్లల టోపీల మీద సంతకాలు పెడతారు. మా వాడి టోపీ మీద అలాంటివి తొమ్మిది ఉన్నాయి. వాళ్లలో ఎంతమంది పైకి వెళ్తారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఇలాంటి కుర్రాళ్లకి రూల్ 5 ఒక్కటే రెండో తలుపు అని నా నమ్మకం. రాబర్టో క్లెమెంటేనే చూడండి. డాడ్జర్స్ జట్టు పదివేల డాలర్ల బోనస్ ఇచ్చి మాంట్రియల్‌లోని తమ మైనర్స్ జట్టుకి పంపేసింది. నాలుగు వేలు దాటి బోనస్ ఇస్తే రెండేళ్లు పెద్ద జట్టులో ఉంచాలి, లేదంటే డ్రాఫ్ట్‌కి వదలాలి అన్నది అప్పటి నిబంధన. అలా 1954 నవంబరులో పైరేట్స్ అతన్ని నాలుగు వేలకి పట్టుకుపోయారు. తర్వాత 3,000 హిట్లు, ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లోవ్ అవార్డులు 12, రెండు వరల్డ్ సిరీస్ టైటిళ్లు.

సీమ పిచర్:
అన్నా, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మీరు గెలిచినవాళ్లనే లెక్కేస్తున్నారు. తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఏడాది గడవకముందే వెనక్కొచ్చేస్తారు.

పిచర్ యోహాన్ సాంటానా సంగతే తీసుకోండి. 1999 డిసెంబరులో ఆస్ట్రోస్ నుంచి మార్లిన్స్ తీసుకున్నారు, ముందే మాట్లాడుకున్న ఒప్పందం ప్రకారం ట్విన్స్‌కి ఇచ్చేశారు. మరుసటి ఏడు ఎలా గడిచింది? 86 ఇన్నింగ్స్, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ తన బాధ్యతగా ఇచ్చిన పరుగుల సగటు, తక్కువైతేనే మంచిది) 6.49. 21 ఏళ్ల కుర్రాడు ఏడాదంతా దెబ్బలు తిన్నాడు. అతన్ని సాంటానాని చేసింది చేంజప్, అంటే వేగంగా వస్తుందనిపించి నెమ్మదిగా వచ్చే బంతి. దాన్ని పదును పెట్టుకున్నది 2002లో, ట్రిపుల్-ఏ ఎడ్మంటన్‌లో. అక్కడి కోచ్ బాబీ క్వేయార్ ప్రతి బ్యాటర్‌కీ కనీసం ఒక్క చేంజప్ వేసి తీరాలని పట్టుబట్టాడు. తర్వాత 2004లో, 2006లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు. అంటే అతనికి కావాల్సింది మైనర్సే. మీ రూల్ ఏడాదిపాటు అతనికి లేకుండా చేసింది సరిగ్గా దాన్నే.

విజయవాడ వింగ్స్:
క్లెమెంటే విషయంలో ఒక్క మాట. వేరే జట్ల కంట పడకుండా డాడ్జర్స్ అతన్ని దాచారనే కథ అందరూ చెప్తారు. తర్వాత ఆట ఆటకీ లెక్కలు తీసి చూసినవాళ్లు, సీజన్ సాగేకొద్దీ అతన్ని ఎక్కువగా ఎడమచేతి పిచర్ల మీదే ఆడించారని తేల్చారు. మాంట్రియల్‌లో 87 ఆటల్లో బ్యాటింగ్ సగటు (అవకాశాల్లో హిట్లైన వంతు) 0.257. దాచారనడానికి అంతకంటే గట్టి ఆధారం ఉంటే పెట్టండి. కథ బాగుందని నమ్మేస్తే పైరేట్స్ స్కౌట్ల పనితనాన్ని తక్కువ చేసినట్టే అవుతుంది.

ఫ్రిస్కో నాన్న:
వింగ్స్ గారూ, మీరన్నది నిజం. నేనూ ఆ దాచిన కథని నమ్ముతూ వచ్చాను, ఇక ఎక్కడా చెప్పను.

సీమ తమ్ముడూ, నీ సాంటానాకి నా దగ్గర జోష్ హామిల్టన్ ఉన్నాడు. కొత్త కుర్రాళ్లని ఎంచుకునే 1999 డ్రాఫ్ట్‌లో టాంపా బే మొట్టమొదట ఎంచుకున్న ఆటగాడు. డ్రగ్స్‌లో పడి 2003, 2004, 2005 మూడు సీజన్లూ ఆడలేదు. టాంపా అతన్ని జాబితాలో పెట్టుకోలేదు. 2006 డిసెంబరులో కబ్స్ తీసుకుని వెంటనే రెడ్స్‌కి అమ్మేశారు. ఆ మనిషిని మళ్లీ మైనర్స్‌లో వదిలేస్తే ఏమయ్యేవాడో నువ్వే చెప్పు. పెద్ద జట్టులో ఉంచాల్సి వచ్చింది కాబట్టే రెడ్స్ మేనేజర్ జెరీ నారన్‌కి అన్న అయిన జానీ నారన్ ప్రయాణాల్లో అతన్ని కనిపెట్టుకుని ఉండేవాడు, చేతికి డబ్బు కూడా తనే ఇచ్చేవాడు.

2007 ఏప్రిల్ 2, సిన్సినాటిలో మొదటి ఆట. ఎదురుగా ఉన్నది అతన్ని అమ్మేసిన కబ్సే. పించ్ హిటర్‌గా, అంటే వేరే బ్యాటర్ బదులు, దిగాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉంది, అతను బ్యాటర్ నిలబడే బాక్స్ బయట ఆగిపోయాడు. కొట్టిన బంతి ఎడమవైపు దూసుకెళ్లింది, ఫీల్డర్ డైవ్ చేసి పట్టేశాడు. అవుట్. అయినా ఆ సీజన్లో 90 ఆటల్లో 19 హోమ్ రన్లు. 2010లో మా రేంజర్స్ తరఫున 0.359 సగటుతో ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు. మేనేజర్‌కి ఇష్టమున్నా లేకపోయినా ఉంచి తీరాలన్న నిబంధనే అతన్ని కాపాడిందంటాను.

సీమ పిచర్:
హామిల్టన్ విషయంలో ఒప్పుకుంటున్నాను. అతను అప్పటికి 25 దాటినవాడు, అతనికి కావాల్సింది మనుషుల తోడు. ఆట ఇంకా నేర్చుకుంటున్న కుర్రాడి సంగతి వేరు. ఐపీఎల్‌లో మనవాళ్లు సీజనంతా డగౌట్‌లో కూర్చున్నా తర్వాత రంజీకి వెళ్లి ఆడుకోవచ్చు. ఇక్కడ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా బెంచే. షేన్ విక్టొరినోని 2002 డిసెంబరులో పాడ్రెస్ తీసుకున్నారు. 36 ఆటలు, సగటు 0.151, సీజన్ మధ్యలోనే డాడ్జర్స్‌కి వాపసు. అది ఆటగాణ్ణి నిలబెట్టడం ఎలా అవుతుంది?

ఫ్రిస్కో నాన్న:
విక్టొరినో కథ అక్కడితో ఆపేస్తే ఎలా? 2004 డిసెంబరులో మళ్లీ అదే రూల్ కింద ఫిల్లీస్ తీసుకున్నారు. మరుసటి వసంతంలో జట్టులో చోటు లేక డాడ్జర్స్‌కి తిరిగి ఇవ్వబోతే, వాళ్లు వద్దన్నారు! దాంతో ఫిల్లీస్ అతన్ని మైనర్స్‌కి పంపగలిగారు. ఆ ఏడు ట్రిపుల్-ఏ ఇంటర్నేషనల్ లీగ్‌లో అతనే ఎంవీపీ, 2008లో ఫిల్లీస్‌తో వరల్డ్ సిరీస్ గెలిచాడు.

ఇది రాస్తుంటే నీ మాటలో బలం నాకే కనిపిస్తోంది. అతనికి జట్టు మారడమూ పనికొచ్చింది, మారాక మైనర్స్‌లో రోజూ ఆడటమూ పనికొచ్చింది. రూల్ ఎత్తేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. తీసుకున్న జట్టు ఏడాదిలో రెండు నెలలు ట్రిపుల్-ఏలో ఆడించుకోవచ్చు, మిగతా కాలం పైనే ఉంచాలి అని మారిస్తే నీకు సమ్మతమేనా?

సీమ పిచర్:
రెండు నెలలకి సమ్మతమే. అయితే ఎప్పుడు పంపాలో జట్టు ఇష్టానికి వదలకూడదు, ఆటగాడు ఒప్పుకుంటేనే పంపాలి. లేకపోతే చోటు చాలనప్పుడల్లా కుర్రాణ్ణే కిందికి తోసేస్తారు.