సింగపూర్ క్రూయిజ్: ఒడ్డు మీద టూర్లు షిప్ వాళ్ల దగ్గరే తీసుకోవాలా?

మాది కడప. అమ్మానాన్నలతో మొదటిసారి క్రూయిజ్ ఎక్కుతున్నాం, సింగపూర్ నుంచి పెనాంగ్ (మలేషియా), ఫుకెట్ (థాయ్‌లాండ్) చూసి వెనక్కి. షిప్ టూర్ల రేట్లు చూస్తే కళ్లు తిరిగాయి. బయట టాక్సీ మాట్లాడుకుందామంటే షిప్ వదిలేసి పోతుందేమోనని టెన్షన్. నాన్నకు మోకాళ్ల నొప్పులు కూడా.

జవాబు 1: పెనాంగ్‌లో టూర్ దండగ అన్నా. షిప్ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్‌లోనే ఉంది, 2008లో యునెస్కో జాబితాకెక్కిన పాత ఊరు. లిటిల్ ఇండియాలో 1833 నాటి మారియమ్మ గుడి ఉంది, దోసెలూ దొరుకుతాయి (మన కారం దోసె మాత్రం ఆశించొద్దు). నాన్నగారు నడవలేకపోతే టాక్సీలో పెనాంగ్ హిల్‌కు వెళ్లండి, పైకి రైలే తీసుకెళ్తుంది.

జవాబు 2: ఫుకెట్ లెక్క వేరు. అక్కడ చాలా షిప్‌లు సముద్రంలోనే లంగరేస్తాయి, చిన్న బోట్లలో ఒడ్డుకు రావాలి, అలలుంటే ఎక్కి దిగడం పెద్దవాళ్లకు కష్టమే. పైగా థాయ్‌లాండ్ టైమ్ సింగపూర్ కన్నా గంట వెనక. ఫోన్ దానంతటదే మారిపోతుంది, షిప్ గడియారం మారకపోవచ్చు, మేము అలాగే చివర్లో పరుగులు పెట్టాం. షిప్ టూర్ ఆలస్యమైతే మామూలుగా ఆగుతారు, సొంతంగా పోయినవాళ్ల కోసం ఆగరు. అక్కడ మాత్రం డబ్బులు చూసుకోవద్దు.

అడిగినవారు: థాంక్స్ అన్నా. ఫుకెట్‌కు షిప్ టూరే, అదీ నడక తక్కువున్నది. నాన్నేమో షిప్‌లోనే పడుకుంటానంటున్నారు, చూడాలి.