స్టాఫ్ నొటేషన్ కింద స రి గ మ రాసుకోవడం తప్పా?

సరళీ వరుస (హనుమకొండ):
అందరికీ నమస్కారం. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి కీబోర్డు గ్రేడ్ పరీక్షకు సిద్ధమవుతోంది. చిన్నప్పుడు నేను గీతాల దాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను కాబట్టి ఇంట్లో సాధన చేయించే పని నా మీద పడింది. స్టాఫ్ అనే ఐదు గీతల మీద ఎక్కి కూర్చున్న ఆ నల్లచుక్కలను చదవడం రాక, మధ్య సి ని (కీబోర్డు నడుమనున్న సి మెట్టును) షడ్జమంగా, అంటే స గా, పెట్టుకొని, ప్రతి చుక్క కిందా పెన్సిలుతో స, రి, గ అని రాసిచ్చాను. రెండు వారాలు హాయిగా సాగింది. ఇప్పుడు పిల్ల చుక్కలను చూడడమే మానేసి నా రాతను చదువుతోంది. పైగా కొత్త పాఠం మొదట్లో, స్వరాన్ని పై పక్క మెట్టుకు పెంచే షార్ప్ గుర్తు (#) ఒకటి ఉంది. నా లెక్క ప్రకారం రాస్తే మధ్యమమంతా (మ) ప్రతిమధ్యమమై (హెచ్చు మ) కల్యాణి రాగంలా కనిపిస్తోంది గానీ, వాయిస్తే శంకరాభరణ రాగంలా వినిపిస్తోంది. నేనెక్కడ పొరబడ్డాను?

నలుపు తెలుపు మెట్లు (వరంగల్):
ముందు రబ్బరు తీసుకొని ఆ రాత చెరిపేయండి. మీరు స్వరాలు తప్పు రాయలేదు, షడ్జమాన్ని తప్పుచోట పెట్టారు. మన షడ్జమం పాడేవారి శ్రుతిని బట్టి కదులుతుంది. స్టాఫ్ మీది అక్షరాలు మాత్రం కీబోర్డులో ఒక్కొక్క మెట్టునే అంటిపెట్టుకొని ఉంటాయి. ఒక్క షార్ప్ ఉన్న మేజర్ (పాశ్చాత్యుల ఒక స్వరవరుస) పాఠానికి ఆధారం జి. దాన్ని షడ్జమంగా పట్టుకుంటే ఆ మెట్లన్నీ శంకరాభరణం. అదే శంకరాభరణపు మధ్యమం మీద, అంటే సి మీద, నిలబడి చూస్తే కల్యాణి. మనవాళ్లు గ్రహభేదం అనేది ఇదే. మీ చెవి సరిగ్గానే చెప్పిందండీ.

చదవడం నేర్పేటప్పుడు పేర్లన్నీ బట్టీ పట్టించకండి. కుడిచేతి గీతల మొదట్లో ఉండే ట్రెబుల్ క్లెఫ్ గుర్తు సుడి ఏ గీతను చుట్టుకుందో చూపించండి. కింది నుంచి రెండోది, అది జి. గీతలన్నిటికీ కింద సొంతంగా ఒక పొట్టి గీత తగిలించుకొని ఉన్నది మధ్య సి, కింది నుంచి మూడో ఖాళీలో ఉన్నది దాని పైస్థాయి సి. మిగిలినవాటిని దూరాన్ని బట్టి పట్టుకోవచ్చు: గీత మీది నుంచి పక్క ఖాళీలోకి జరిగితే పక్క అక్షరం, గీత నుంచి తర్వాతి గీతకు వెళ్తే నడుమ ఒకటి దాటినట్టు. ఆ షార్ప్ అన్నిటికన్నా పై గీత మీద, ఎఫ్ స్థానంలో ఉంటుంది గానీ, రద్దు గుర్తు వస్తే తప్ప, పాఠంలో ఏ స్థాయిలో ఎఫ్ వచ్చినా దానికి వర్తిస్తుంది.

బృందగానం (కాజీపేట):
పై సమాధానం బాగుంది. నేనైతే స్వరం కన్నా ముందు కాలం నేర్పిస్తాను. మా చర్చి బృందంలో ఏళ్లుగా చూస్తున్నాను, స్వరం తప్పినవారు తర్వాతి మాటకే మాతో కలుస్తారు, లెక్క తప్పినవారు ఆమెన్ దాకా కలవరు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ తడబడకుండా చప్పట్లు కొట్టే పిల్లకు ఇది పెద్ద కష్టం కాదు. 4/4 అని ఉంటే కింది 4 క్వార్టర్ నోటును ఒక దెబ్బగా లెక్కించమంటుంది, పై 4 నిలువు గీతల నడుమ అలాంటివి నాలుగంటుంది. నల్లతలకు (నిండు చుక్కకు) కాడ మాత్రమే ఉంటే ఒక దెబ్బ, అదే క్వార్టర్ నోటు, బోలుతలకు కాడ ఉంటే రెండు, కాడ లేని బోలుతల నాలుగు. మనం దీర్ఘంతోనూ కామా, సెమికోలన్లతోనూ పొడిగించేదాన్ని వీళ్లు తల ఆకారంలోనే చెప్పేశారు.

చుక్క దగ్గర మాత్రం జాగ్రత్త. మన స్వరానికి పైన చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రం. అక్కడ తలకు కుడిపక్క చుక్క పెడితే కాలం సగం పెరిగి రెండు దెబ్బలది మూడవుతుంది. తలకు పైనో కిందో పెడితే పొట్టిగా తెంచి వాయించాలి. కర్ణాటక సంగీతం నేర్చుకొని మా బృందంలోకి వచ్చినవారు మొదటివారం తప్పకుండా ఇక్కడే పడతారు, నేనూ పడ్డాను.

మంద్రస్థాయి (కరీంనగర్):
రాత చెరిపేయమనడం సరే, స్వరం పాడడం మాత్రం మాన్పించకండి. జి షడ్జమమని తెలిసింది కదా, వాయించే ముందు ఆ వరుసను కాగితం మీద ఏమీ రాయకుండా స్వరాలతో పాడించండి.

రాత పాశ్చాత్యులదనీ మనది వినికిడి మాత్రమేననీ ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు అంటుంటారు కాబట్టి ముందే చెబుతున్నాను: సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథం 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే అచ్చయింది, అందులో గమకాలకు (స్వరాన్ని ఊపే తీరులకు) సైతం వేర్వేరు గుర్తులున్నాయి. మన రాత స్వరానికీ స్వరానికీ నడుమ ఉన్న నడకను పట్టుకోవాలని చూసింది. ఐదు గీతల రాత ఒకేసారి మోగే స్వరాలను ఒకదానిమీద ఒకటి పేర్చి చూపగలదు. కీబోర్డుకు కావలసింది ఈ రెండోదే.

సరళీ వరుస (హనుమకొండ):
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి చెరిపేశాను, తొందరలో కాగితం ఒకచోట చిరిగింది కూడా. ముందు చప్పట్లు కొట్టించి, స్వరాలు పాడించి, తర్వాత కీబోర్డు ముందు కూర్చోబెట్టాను. ఎఫ్ రాగానే తెల్లమెట్టు నొక్కి, నేను నోరు తెరవకముందే మొహం చిట్లించి, పక్కనున్న నల్లమెట్టుకు జరిగింది. ఎడమచేతి గీతల దగ్గర మాత్రం మళ్లీ మొదటికొచ్చాం. అక్కడ రెండో గీతను జి అనుకొని నొక్కితే కుదరడం లేదు.

నలుపు తెలుపు మెట్లు (వరంగల్):
కుదరదు, అక్కడ అది బి. ఎడమచేతి గీతల మొదట్లో ఉండే బాస్ క్లెఫ్ గుర్తు పక్కనున్న రెండు చుక్కల నడుమ నుంచి పోయే గీతను చూడండి. కింది నుంచి నాలుగోది, అది ఎఫ్. మధ్య సి ఈ గీతలకు పైన పొట్టి గీత మీద ఉంటుంది. కుడిచేతి గీతల కింద కనిపించే సి, ఇదీ ఒకే మెట్టు కాబట్టి, ఆ మెట్టు మీద ఎడమ బొటనవేలు పెట్టించి అక్కడి నుంచి కిందికి చదివించండి. మీ పాఠంలో ఎడమచేతి షార్ప్ కూడా ఆ నాలుగో గీత మీదే ఉంటుంది చూడండి, అక్కడి ఎఫ్ కూడా నల్లమెట్టే.