రెండు వరుసల కార్ల మధ్య 4 అడుగుల మట్టిపట్టీ: ఏ చెట్లు పెడితే బతుకుతాయి?

పార్కింగ్ పంచాయతీ:

మా నివాస సముదాయంలో పార్కింగ్ స్థలం బాగోగులు ఈ ఏడాది నా నెత్తిన పడ్డాయి. ఎవరూ ముందుకు రాకపోతే మొహమాటానికి చెయ్యెత్తాను. ఇప్పుడు అందరూ ఆ చెయ్యి పట్టుకునే ఉన్నారు.

కార్లు ఎదురెదురుగా రెండు వరుసల్లో నిలుస్తాయి. వాటి మధ్య ఒక మట్టిపట్టీ ఉంది. అంచురాళ్లతో కలిపి వెడల్పు 4 అడుగులు, పొడవు 40. ఇలాంటివి మూడు ఉన్నాయి. పైన నీడ అనేదే లేదు. మధ్యాహ్నం కారెక్కితే స్టీరింగు పట్టుకోవడానికి చేతిరుమాలు కావాలి.

అయిదేళ్ల కిందట మొదటి పట్టీలో ఆరు కానుగ మొక్కలు పెట్టారు. నాలుగు పోయాయి, మిగిలిన రెండూ ఇప్పటికీ నా భుజం దాటలేదు. రెండో పట్టీలో నూరువరహాలు. అవి చావవు, బతకవు. ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. ఎంత ఎరువు వేసినా అంతే. మూడో పట్టీది అసలు వింత. నందివర్ధనాల వరుస ఒక పక్క కళకళలాడుతూ పూస్తోంది. రెండో పక్క నేలకు అడుగు ఎత్తులో, కొలిచి పెట్టినట్టు దూరం దూరంగా, పళ్లెమంత మేర ఆకు మాడిపోతోంది. అదే మట్టి, అదే నీరు, అదే ఎండ. తెగులు మందు రెండు సార్లు కొట్టించాను, గుణం లేదు.

ఇప్పుడు అన్నీ తీసేసి కొత్తగా పెట్టాలని నిర్ణయమైంది. కొందరికి నీడ కావాలి, కొందరికి పూలు కావాలి. కార్ల మీద ఆకు గాని, పువ్వు గాని, కాయ గాని, రెట్ట గాని పడకూడదన్నది అందరి మాట. ఇవేవీ వద్దు, సిమెంటు పోసెయ్యండి అనే వర్గం కూడా ఒకటుంది, రోజురోజుకూ పెరుగుతోంది. పట్టీకి ఆరు చొప్పున పద్దెనిమిది చెట్లు అనుకుంటున్నాను. ఏ రకం పెట్టమంటారు?

పచ్చకొమ్మ:

నరమామిడి పెట్టండి. స్తంభంలా నిటారుగా పోతుంది, కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, కారుకు అడ్డు రాదు. మా ఆఫీసు ప్రహరీ వెంట ముప్పై ఉన్నాయి, చూడముచ్చటగా ఉంటాయి.

గునపం:

నరమామిడి ప్రహరీకి మంచిదే. పార్కింగుకు కాదు. ఆ స్తంభం నీడ కూడా స్తంభమంతే పడుతుంది. అదీ మధ్యాహ్నం దాని కాళ్ల దగ్గరే ముడుచుకుంటుంది. కాయలు పండితే రాత్రి గబ్బిలాలు వస్తాయి. తెల్లారి కారు అద్దం మీద ఉన్నది చూశాక సిమెంటు వర్గంలో ఇంకో పదిమంది చేరతారు.

పంచాయతీ గారూ, మీరు చెట్టు పేరు అడుగుతున్నారు. నేను ముప్పై ఏళ్లు నర్సరీలోనూ, రోడ్ల పక్క మొక్కలు నాటించే పనిలోనూ గడిపినవాణ్ని. చెట్టు పేరు ఆఖరున అడగాల్సిన సంగతి. ముందు మట్టి కొలవండి.

మీ పట్టీ 4 అడుగులు. అంచురాయి ఒక్కో వైపు 6 అంగుళాలు వేసుకున్నా లోపల మట్టి 3 అడుగులే. చక్రం అంచురాయికి ఆనాక కారు మూతి ఇంచుమించు 2 అడుగులు పట్టీ మీదికి వస్తుంది. అటు 2, ఇటు 2. మీ నాలుగూ అయిపోయాయి. ఒకసారి సాయంత్రం వెళ్లి చూడండి, రెండు బంపర్లూ దాదాపు ముక్కు ముక్కు రాసుకుంటూ ఉంటాయి. అక్కడ చెట్టు కాండానికి చోటెక్కడ? బతికిన కానుగలు రెండింటి కాండం చూడండి, బంపరు ఎత్తులో బెరడు లేచిపోయి ఉంటుందని నా అనుమానం.

ఇక లోపలి సంగతి. చచ్చిన కానుగల్ని పీకినప్పుడు వేరు ఎలా ఉంది? నర్సరీ కవరు ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని వచ్చిందా? ఆ గోతిలో గునపం ఎంత లోతు దిగింది? ఈ రెండూ చెప్పండి, తక్కినది తరువాత మాట్లాడుకుందాం.

నందివర్ధనం తెగులు మాత్రం ఇప్పుడే చెబుతాను. మాడే పక్కన కార్లు వెనక్కి పెట్టి నిలుపుతున్నారా?

పార్కింగ్ పంచాయతీ:

గునపం గారూ, కిందికి వెళ్లి చూసి వచ్చి రాస్తున్నాను.

అవును. ఆ పక్క వరుస గేటుకు ఎదురుగా ఉంది. పొద్దున్నే తిన్నగా బయటికి పోవచ్చని అందరూ వెనక్కే పెడతారు. మాడిన చోట్లకు సరిగ్గా ఎదురుగా పొగ గొట్టాలు. నేను రెండు సార్లు మందు కొట్టించింది పొగకన్నమాట. దయచేసి ఈ సంగతి మా వాళ్లకు తెలియనివ్వకండి.

వేరు గురించి మీరన్నది నిజం. చచ్చిన మొక్క పీకితే కవరు తీసి అచ్చు పోసినట్టుంది. బొటనవేలంత లావు వేరు మూడు చుట్లు తిరిగి తన మెడకే ఉరి వేసుకుంది. అడుగున నల్ల కవరు ముక్క కూడా ఉంది! గునపం అడుగు లోతు దాటలేదు. ఠంగుమని మోగింది. తవ్విస్తే కంకర, సిమెంటు పెళ్లలు, ఒక ఇనుపచువ్వ ముక్క. బెరడు కూడా లేచిపోయింది, రెండింటికీ, ఒకే ఎత్తులో.

గునపం:

అయితే లెక్క వేసుకోండి. 40 అడుగుల పొడవు, 3 వెడల్పు, 1 లోతు: 120 ఘనపుటడుగులు. ఆరు మొక్కలకు పంచితే తలకు 20. 200 లీటర్ల డ్రమ్ములుంటాయి కదా, మూడు డ్రమ్ములు కూడా నిండవు. పట్టణాల్లో చెట్లు పెంచేవాళ్లు వాడే మోటు లెక్క ప్రకారం బాగా ఎదిగిన పెద్ద చెట్టుకు సుమారు 1000 ఘనపుటడుగుల మట్టి కావాలి. అంటే 140 డ్రమ్ములు. కానుగ అడవిలోనూ ఏటిగట్టునా మహావృక్షం అవుతుంది. దాన్ని మూడు డ్రమ్ముల్లో కూర్చోబెట్టి ఎదగలేదని ఎరువు వేశారు.

నూరువరహాల పసుపుకూ మూలం అదే మట్టి. అది కాస్త పులుపు నేల కోరే మొక్క. సిమెంటు పెళ్లల సున్నం మట్టిలోకి దిగితే, ఇనుము ఉన్నా వేరుకు అందదు. ఈనె పచ్చగా, ఆకు పసుపుగా మారడం ఆ లోపానికి గుర్తు. ఎరువుతో పోదు. పెళ్లలు తీసి మట్టి మార్చాలి, లేదా మొక్క మార్చాలి.

ఏమీ రాలని చెట్టు అడిగారు. ప్లాస్టిక్ చెట్టు ఒక్కటుంది, కొన్నాళ్లకు దాని రంగు రాలుతుంది. ప్రతి చెట్టూ ఏదో ఒకటి రాలుస్తుంది. ఎండుటాకు రాలితే చీపురుతో పోతుంది, నేరేడుపండు రాలితే రంగు పోదు. వేప పండ్లు జిగురు, పైగా పిట్టలు. ‘చెట్టు నుంచి బంక కారుతోంది’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఆ బంక చెట్టుది కాదు. ఆకుల అడుగున చేరిన పేనుబంక, పిండినల్లి వదిలే తీపి ద్రవం. దాని మీదే నల్లగా మసి పడుతుంది. రేల చెట్టు పూలకు మనసు పారేసుకుంటారు గాని, పూసే ముందు ఆకు రాల్చేస్తుంది. మీకు నీడ కావలసిన ఎండల్లో అది పసుపు గుత్తులు కట్టుకుని బోడిగా నిలబడుతుంది. తరువాత మూరెడు కాయలు. తురాయి వేర్లు నేల పైపైనే పాకి గచ్చును లేపుతాయి, గాలికి కొమ్మ విరుగుతుంది. కింద కారుంటే ఇక చెప్పేదేముంది?

పునాది మట్టి:

గచ్చు వేసే పక్షం తరఫున ఒక మాట. మేము కావాలని చెట్లకు ద్రోహం చెయ్యం. గచ్చు కుంగకుండా ఉండాలంటే కింది నేలను రోలరుతో అణగదొక్కాలి. వేరుకు కావలసినది సరిగ్గా దానికి వ్యతిరేకం: గాలి, నీరు ఆడే సందులు. అందుకే వేరు అణిగిన నేలలోకి దిగలేక, గచ్చుకూ నేలకూ మధ్య కాస్త తేమ దొరికే సందు పట్టుకుని పాకుతుంది. లావెక్కేకొద్దీ పలక లేస్తుంది.

కొత్తగా కట్టేచోట దీనికి ఒక ఉపాయం ఉంది. 1990లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో రూపొందించారు. ఒకే పరిమాణపు పెద్ద కంకరను, బరువులో సుమారు 80 పాళ్లకు 20 పాళ్ల జిగట మట్టి చొప్పున కలిపి గచ్చు కింద పరుస్తారు. కంకర కంకరకు ఆని బరువు మోస్తుంది, సందుల్లోని మట్టిలో వేరు నడుస్తుంది. కానీ అందులో మట్టి అయిదో వంతే కాబట్టి ఎక్కువ మేర పరవాలి. ఉన్న పార్కింగును పగలగొట్టి ఇది చెయ్యమని మాత్రం మీకు చెప్పను.

డాబామీది తీగ:

నీడే ముఖ్యమైతే చెట్టే ఎందుకండీ? పట్టీ మధ్యలో ఇనుప స్తంభాలు పాతి, కార్ల మీదుగా పందిరి వేసి రాధామనోహరం పాకించండి. మా వెనక పెరట్లో మూడేళ్లలో కప్పేసింది. కాగితం పూలు మాత్రం వద్దు, ఎండిన ముళ్లకొమ్మ జారితే కారు రంగు గీరుకుపోతుంది.

గునపం:

పందిరి మంచి ఆలోచనే. తీగకూ మట్టి కావాలి, కానీ కాండానికి చోటు అక్కర్లేదు. స్తంభం ఎలాగూ బంపరు దెబ్బ కాచుకుంటుంది. ఒక పట్టీకి చేసి చూడండి. ఏటా కత్తిరించే మనిషి ఉంటేనే సుమండీ. రాధామనోహరం చాలా ఎత్తుకు పాకే జాతి, వదిలేస్తే దీపస్తంభాన్ని కూడా మింగుతుంది.

నన్నడిగితే ఇలా చేస్తాను. మూడు పట్టీల్లో పద్దెనిమిది చెట్ల ఆశ వదిలేస్తాను. పట్టీ చివర ఒక కారు చోటు తీసుకుంటాను. అది 8 అడుగుల వెడల్పు, 16 పొడవు అనుకుంటే, గచ్చు పగలగొట్టి 3 అడుగులు తవ్వి మంచి మట్టి నింపితే 384 ఘనపుటడుగులు. పక్కనున్న పట్టీ మట్టిని కూడా దానికి కలిపితే ఒక నడితరం చెట్టు నిజంగా చెట్టులా బతుకుతుంది. అక్కడ నా ఓటు పొగడకు. ఎదుగుదల నెమ్మది, అది ముందే చెప్పాలి. ఆకు దట్టం, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పూలు చిన్నవి, ఊడిస్తే పోతాయి. కాయలు రాలతాయి, అది ఒప్పుకోవాలి. అడుగు కొమ్మలు ఏటా కొంచెం కొంచెం తీస్తూ 8 అడుగుల ఎత్తు వరకు కాండం ఖాళీగా ఉంచండి. చెట్టు పెద్దదయ్యాక ఒక్కసారి నరికితే పుండు మానదు.

మిగిలిన పట్టీలో మోకాలెత్తు పొదలు, అదీ నడిమి అడుగు వెడల్పులోనే. కత్తిరింపు తట్టుకునే నందివర్ధనం సరే. ఎండకూ బీద నేలకూ తంగేడంత మొండిది అరుదు, పూలవర్గానికి పసుపు పూలు కూడా దక్కుతాయి. గన్నేరు ఎవరో ఒకరు చెబుతారు, నిజంగానే ఏ నేలలోనైనా బతుకుతుంది. కానీ ఆకు, పువ్వు, కాడ, అన్నీ విషమే. పిల్లలు తిరిగే చోట నేను పెట్టను. పట్టీ కొసల్లో పొద రెండున్నర అడుగులు దాటనివ్వకండి. మలుపు తిప్పే డ్రైవరుకు అవతల పరుగెత్తుకొచ్చే పిల్లవాడి తల కనబడాలి. ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

నాటేటప్పుడు కవరు పూర్తిగా తీసెయ్యండి, ముక్క కూడా మిగలకూడదు. చుట్టుకున్న వేర్లను మూడు నాలుగు చోట్ల నిలువుగా కోయండి. చూడటానికి క్రూరంగా ఉంటుంది, కొయ్యకపోతేనే చచ్చేది. కాండం అడుగున వెడల్పయ్యే చోటు నేల మట్టానికి ఉండాలి, పూడ్చెయ్యకూడదు. ఊతకర్ర ఏడాదిలో తీసెయ్యండి. అంచురాళ్లలో అక్కడక్కడ జానెడు సందు తెరిచి, పట్టీ మట్టిని గచ్చు కంటే కాస్త దిగువగా ఉంచితే, ఇన్నాళ్లూ కాలువ పాలైన వాన నీరు మొక్కకు చేరుతుంది. కార్లు కడిగిన సబ్బునీళ్లు మాత్రం అటు రానివ్వకండి.

వెనక్కి పెట్టే వరుస వైపు పొదను ఇంకో అడుగు అవతలికి జరపండి. కొన్ని కార్లకు తోక మూతి కంటే పొడుగు, పైగా వేడిపొగ.

పార్కింగ్ పంచాయతీ:

నిన్న సమావేశం పెట్టాను. డ్రమ్ముల లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే గది నిశ్శబ్దమైంది. ఒక కారు చోటు ఇవ్వాలి అనగానే మళ్లీ గోల. చివరికి రెండు చోట్లు దొరికాయి. ఒకటి మురుగు మూత పక్కన ఎవరూ నిలపనిది. రెండోది స్కూటర్లకని గీసి వదిలేసినది. మూడో పట్టీకి పందిరి, వచ్చే ఏడాది. సిమెంటు వర్గం నాయకుడు పొగడ నెమ్మదిగా పెరుగుతుందని విని, ‘అయితే నేను ఇల్లు మారేదాకా ఏమీ రాలదన్నమాట’ అని మద్దతిచ్చాడు.

ఈ ఉదయం స్కూటర్ల చోట తవ్వకం మొదలైంది. రెండు అడుగుల లోతులో ఒక పైపు బయటపడింది. చెయ్యి పెడితే చల్లగా ఉంది, నీళ్లు పారుతున్నట్టుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూపే పటం ఎవరి దగ్గరా లేదు. పైపుకు పక్కగా, రెండు అడుగులు జరిపి పొగడ పెట్టవచ్చా?

గునపం:

వద్దు. అతుకు ఎక్కడ చెమ్మగిల్లితే వేరు అక్కడికి వెళుతుంది, పదేళ్లకు మళ్లీ తవ్వాలి. ఆ గోతిలో తంగేడు పెట్టి పూడ్చండి. పొగడను మురుగు మూత పక్క చోటుకు మార్చండి, కానీ ముందు అక్కడా గునపం దించి చూడండి. మురుగు మూత ఊరికే ఉండదు, దానికీ ఒక పైపు ఉంటుంది. అది ఏ వైపు పోతోందో మూత తీసి చూస్తే తెలుస్తుంది.