70 రోజులు, ఒకటే బ్యాగు: ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి?

అనంతపురం కుర్రోడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. దేశం దాటడం ఇదే మొదటిసారి. అక్టోబరు మొదటి వారంలో బెంగళూరు నుంచి వియత్నాంలోని హనోయి పోతున్నా. అక్కణ్నుంచి హ్యూ, సైగాన్, కంబోడియా, లావోస్, చివర్లో థాయిలాండ్. మొత్తం 70 రోజులు, ఒక్కణ్నే. 60 లీటర్ల బ్యాగు కొన్నా. నిన్న సర్ది తూకం వేస్తే 14 కిలోలు! అందులో నాలుగు కిలోలు మా అమ్మ పెట్టినవే: చెనిక్కాయల పొడి, నిప్పట్లు, చింతకాయ తొక్కు, ఎండు కొబ్బరి చిప్పలు. వద్దంటే "అక్కడ ఏం తిని బతుకుతావురా" అంటుంది. ఏవి తీసెయ్యాలి? డబ్బు కార్డులో పెట్టుకోవాలా, నోట్లు తీసుకుపోవాలా? టెన్షన్‌గా ఉంది.

బురుజు పక్క వీధి, కర్నూలు:
బ్యాగు సంగతి తర్వాత, ముందు పాస్‌పోర్టు తీసి చూడు. దిగే రోజుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. నువ్వు నాలుగు దేశాలు తిరుగుతున్నావు కాబట్టి చివరి దేశంలో దిగే తేదీతో లెక్కేసుకో. ఖాళీ పేజీలు ఉన్నాయో లేదో కూడా చూడు. కంబోడియా, లావోస్ సరిహద్దులో వీసా తీసుకుంటే స్టిక్కరు ఒక్కోటి పేజీ మొత్తం తినేస్తుంది.

తాడిపత్రి బాటసారి:
తమ్ముడూ, 2023 చివర్లో దాదాపు ఇదే దారిలో రెండు నెలలు తిరిగాను. ఆ 60 లీటర్ల బ్యాగు వాపసు తీసుకుంటారేమో అడుగు. పెద్ద బ్యాగుంటే అది నిండేదాకా మన మనసు ఊరుకోదు. 40 లీటర్లది చాలు.

నేను 16 కిలోలతో దిగాను. హనోయి పాతబస్తీలో ఇళ్లు సన్నగా, నిట్టనిలువుగా ఉంటాయి. నా మంచం నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. మూడో రోజుకే రెండు జీన్స్, దుప్పటి, రెండో జత బూట్లు అక్కడే వదిలేశాను. జీన్స్ అస్సలు వద్దు, ఆరదు. మన ఎండకు గంటలో ఆరే బట్ట హ్యూలో మూడు రోజులైనా ముక్క వాసనే. నువ్వు పోయేది సరిగ్గా వాళ్ల వానాకాలంలో. మన అనంతపురంలో ఏడాదంతా పడే వాన అక్కడ అక్టోబరు ఒక్క నెలలోనే పడుతుంది. బ్యాగు పైన తొడిగే కవరును నమ్ముకోవద్దు, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. యూరియా సంచి లోపల ఉంటుందే, అట్లాంటి మందపాటి ప్లాస్టిక్ కవరు కొత్తది తెచ్చి, బ్యాగు లోపల పరిచి బట్టలు అందులో పెట్టు.

చొక్కాలు మూడు, పల్చటి ప్యాంట్లు రెండు, ఒక నిక్కరు, ఒక స్వెటరు. తాళం కప్ప, బట్టలు ఆరేసుకోను నాలుగు గజాల నైలాన్ తాడు. ఒక లుంగీ, ఒక తుండుగుడ్డ. లుంగీ తప్పకుండా పెట్టు. స్లీపర్ బస్సులో ఏసీకి కప్పుకోవచ్చు, హాస్టల్లో మంచానికి అడ్డం కట్టుకోవచ్చు. నన్ను చూసి నవ్విన పిల్లోడే ఒక రాత్రి అడిగి తీసుకున్నాడు. బూట్లు ఇప్పటి నుంచే తొడుక్కుని తిరుగు, కొత్తవి కరుస్తాయి.

నేను చేసిన ఇంకో తప్పు చెబుతా. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. వియత్నాం ఈ-వీసా ఫారంలో మాత్రం స్కూలు సర్టిఫికెట్ అలవాటు కొద్దీ ఒట్టి ఇనిషియల్ కొట్టాను. మా బావ చూసి చెప్పాడు కాబట్టి సరిపోయింది, మళ్లీ 25 డాలర్లు కట్టి కొత్తగా తీసుకున్నాను. ఫీజు వాపసు రాదు. టికెట్లో, వీసాలో పాస్‌పోర్టులో ఉన్నట్లే అక్షరం అక్షరం ఉండాలి.

డబ్బు రెండు రకాలుగానూ ఉండాలి. రెండు కార్డులు, వేరువేరు చోట. వాటిలో విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో నువ్వే ఆన్ చేసుకోవాలి, 2020 నుంచి కొత్త కార్డులన్నీ అది ఆఫ్‌లోనే వస్తాయి. మన సిమ్‌కు అక్కడ ఎస్సెమ్మెస్‌లు వచ్చేట్టు ఇక్కడే రోమింగ్ పెట్టించుకో, ఓటీపీ రాకపోతే కార్డున్నా లేనట్టే. డాలర్లు కొత్త నోట్లు తీసుకో, కంబోడియాలో కాస్త చిరిగున్నా ముట్టరు. వియత్నాంలో వాళ్ల డబ్బు డాంగుల్లో 20,000 నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే. రాత్రి టాక్సీ దిగేటప్పుడు లోపల లైటు వేయించి ఇవ్వు.

కడాకు ఒక పని. ఆదివారం ఆ బ్యాగు తగిలించుకుని గుత్తి కోట పైదాకా ఎక్కు. ఏది ఉంచాలో మమ్మల్ని అడగాల్సిన పనుండదు.

మందుల షాపు అక్క, కడప:
నాయనా, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాల గురించి కనీసం నెల ముందే డాక్టర్‌ను అడుగు. మాత్రలు విప్పి డబ్బాలో పోయొద్దు, స్ట్రిప్పులతోనే, చీటీతో సహా పెట్టుకో. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది. డెంగీ దోమ పగలే కుడుతుంది, క్రీము రాత్రికే అనుకోవద్దు. కుక్క గానీ కోతి గానీ కరిస్తే 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆ రోజే ఆస్పత్రికి పో, ఇంటికొచ్చాక చూద్దాం అనుకోవద్దు.

ఎండు కొబ్బరి తీసెయ్. నూనె ఎక్కువ, అంటుకుంటుందని చెక్-ఇన్ బ్యాగులో ఒప్పుకోరు. పవర్‌బ్యాంకు దానికి రివర్సు, చేతి సంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది ఇబ్బంది లేదు.

అమ్మ పెట్టినవన్నీ పారెయ్యొద్దు. పొడి పావుకిలో ఉంచు, అన్నం దొరకని దేశాలేం కావుగా! మాంసం తినకపోతే వియత్నాంలో "చాయ్" అని అడుగు, వాళ్ల భాషలో శాకాహారం. వాళ్ల చాంద్రమాన నెల మొదలయ్యే రోజు, పున్నమి నాడు చాలామంది అదే తింటారు, ఆ రోజుల్లో ఇంకా సులువు.

అనంతపురం కుర్రోడు:
గుత్తి కోట ఎక్కాను అన్నా. సగం దారిలోనే కూర్చుని జీన్స్, హెయిర్ డ్రయ్యరు (ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలీదు), రెండో జత బూట్లు తీసి తోడొచ్చిన ఫ్రెండుకు ఇచ్చా. వాడు తిట్టుకుంటూ మోశాడు. ఇప్పుడు ఎనిమిదిన్నర కిలోలు. పాస్‌పోర్టు గడువు వచ్చే జూన్ దాకా ఉంది, సరిపోతుంది.

అక్కా, కొబ్బరి తీసేశాం. ఆ ఖాళీలో అమ్మ ఇంకో అరకిలో చెనిక్కాయల పొడి పెట్టింది.