సిటీ వీ, వీఎక్స్, వెర్నా ఎస్‌ఎక్స్: మోకాళ్ల ఆపరేషన్ అయిన అమ్మ కోసం ఏ వేరియంట్ తీసుకోవాలి?

ఉప్పల్ టీచర్ | 2023 మే 6

అందరికీ నమస్కారం. మేం హైదరాబాద్ ఉప్పల్‌లో ఉంటాం. నేను స్కూల్లో సోషల్ చెబుతాను. మాకు 2013 నాటి వ్యాగన్ఆర్ ఉంది, మా వారి పేరు మీద. 82 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇంకా బాగానే నడుస్తోంది. అయినా ఇప్పుడు పెద్ద బండి కొనక తప్పడం లేదు.

అమ్మానాన్నలు ఉండేది సూర్యాపేట దాటాక 14 కిలోమీటర్ల లోపల ఒక పల్లెలో. నిరుడు జనవరిలో అమ్మకు రెండు మోకాళ్లూ మార్పించాం. నెలకోసారి మేం వెళ్లి తనను తీసుకొచ్చి, డాక్టరుకు చూపించి, వారం ఉంచుకుని మళ్లీ దింపి వస్తాం. వాకర్, కుర్చీ, బియ్యం మూట, నాన్న కట్టించే కూరగాయల సంచి... వ్యాగన్ఆర్ డిక్కీలో ఇవేవీ పట్టవు. సగం సామాను అమ్మ కాళ్ల దగ్గరే పెడుతున్నాం. నాకు అదే బాధగా ఉంది.

ఎస్‌యూవీ కూడా చూశాం. ఎక్కాలంటే కాలు పైకెత్తాలి, అమ్మ వల్ల కాలేదు. సెడాన్ (వెనక విడిగా డిక్కీ ఉండే కారు) అయితే కిందికి కూర్చోవాలి, కానీ చెయ్యి పట్టుకుంటే కూర్చోగలుగుతోంది. అందుకే సెడాన్ అనుకున్నాం. ఉప్పల్ నుంచి ఎల్బీనగర్ దాకా ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి మా వారి కాలు లాగేస్తోంది కాబట్టి ఆటోమేటిక్ కావాలి.

ఈ 2023 మార్చిలోనే హోండా సిటీ ఫేస్‌లిఫ్ట్ (మార్పులు చేసిన మోడల్), హ్యుందాయ్ కొత్త వెర్నా రెండూ వచ్చాయి కదా. ఎక్స్‌షోరూం ధరలు (ట్యాక్సు, ఇన్సూరెన్స్ కలపనివి) ఇలా చెప్పారు. సిటీ ఆటోమేటిక్ వీ 13.62 లక్షలు, వీఎక్స్ 14.74, జడ్‌ఎక్స్ 15.97. వెర్నా ఐవీటీ (ఆటోమేటిక్) ఎస్‌ఎక్స్ 14.24, ఎస్‌ఎక్స్ ఆప్షనల్ 16.20. స్కోడా స్లావియా కూడా నడిపి చూశాం, మా వారికి దాని లాగుడు (పికప్) బాగా నచ్చింది.

మేం అనుకున్న బడ్జెట్ ఆన్‌రోడ్ (అన్నీ కలిపి) 17 లక్షలు. ఏడు చేతిలో ఉన్నాయి, పది లోన్. ప్రతి షోరూంలోనూ ఒకటే మాట: "ఇంకొక్క లక్ష వేసుకుంటే పై వేరియంట్ వస్తుంది మేడమ్." ఇంటికొచ్చి చూసుకుంటే ఆ లక్ష లక్షలా ఉండడం లేదు. ఒక షోరూం ఇచ్చిన కొటేషన్‌లో యాక్సెసరీస్ కిట్ అని 38 వేలు, హ్యాండ్లింగ్ చార్జీలు అని 12 వేలు వేశారు. అవి దేనికో అడిగితే సరిగ్గా చెప్పలేదు. రెండు రోజుల నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

నా ప్రశ్న: వీ తీసుకుని బడ్జెట్‌లో ఉండాలా? వీఎక్స్‌కు సాగాలా? వెర్నా ఎస్‌ఎక్స్ మేలా? ఏడీఏఎస్ (డ్రైవరును హెచ్చరించి, అవసరమైతే బ్రేకు వేసే వ్యవస్థ), సన్‌రూఫ్, గాలి వచ్చే సీట్లు అంటున్నారు. వీటిలో మా అమ్మకు పనికొచ్చేది ఏది? ఇంకో చిన్న భయం కూడా ఉంది. ఊళ్లో మా ఇంటి గేటు దగ్గర ర్యాంపు బాగా నిటారుగా ఉంటుంది, సెడాన్ కింద తగులుతుందేమో.

లోన్ డెస్క్ | 2023 మే 6

మేడమ్, నేను బ్యాంకులో వాహన రుణాలు చూస్తాను. "ఇంకొక్క లక్ష" అన్న మాటకు లెక్క చెబుతాను, మిగతాది మీరు తేల్చుకోవచ్చు.

తెలంగాణలో 10 నుంచి 20 లక్షల కారుకు ఇప్పుడు, 2023లో, లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) 17 శాతం. 10 లక్షలు దాటింది కాబట్టి టీసీఎస్ (అమ్మేటప్పుడే షోరూం వసూలు చేసే ఆదాయపు పన్ను) ఒక శాతం. అంటే షోరూం ధరలో ప్రతి లక్ష తేడా రోడ్డు మీదికొచ్చేసరికి లక్షా 18 వేలు. సిటీ వీకి, వీఎక్స్‌కు ధరలో తేడా 1,12,000. ట్యాక్సు, టీసీఎస్ కలిపితే 1,32,160. మీ ఏడు లక్షలు ఎలాగూ పోను, ఈ తేడా మొత్తం లోన్‌లోకే వస్తుంది. 9 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు సుమారు 2,740 రూపాయలు ఎక్కువ. ఐదేళ్లకు 1,64,000 పైమాటే. వెర్నా ఎస్‌ఎక్స్ నుంచి ఆప్షనల్‌కు వెళితే ఆన్‌రోడ్‌లో తేడా 2,31,000 దాటుతుంది. వేరియంట్ తేడాను ఎప్పుడూ ఇలా నెల కిస్తీలోకి మార్చి చూసుకోండి. నెలకు 2,740 పెట్టి ఆ ఫీచర్ కొంటారా అని ఇంట్లో అడగండి. జవాబు వెంటనే వస్తుంది.

టీసీఎస్ మాత్రం పోయే డబ్బు కాదు. మీ పాన్ మీద జమవుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో చూపించి తిరిగి తీసుకోవచ్చు. చాలామంది మర్చిపోతారు.

ఇంకొకటి, ముఖ్యమైనది. ఒకే మనిషి పేరు మీద రెండో బండి అయితే లైఫ్ ట్యాక్స్ మరో 2 శాతం ఎక్కువ. వ్యాగన్ఆర్ మీ వారి పేరు మీద ఉందన్నారు కదా, కొత్త బండి మీ పేరు మీద తీసుకోండి. వీ మీద 27,240, వీఎక్స్ మీద 29,480 మిగులుతాయి. మరి లోన్ కూడా మీ పేరు మీదే ఉండాలి, మీ జీతం స్లిప్పులు సిద్ధం చేసుకోండి.

హ్యాండ్లింగ్ చార్జీలు తీసేయమని గట్టిగా అడగండి, తీసేస్తారు. యాక్సెసరీస్ కిట్ తప్పనిసరి కాదు. ఇన్సూరెన్స్ కూడా షోరూంలోనే తీసుకోవాలని లేదు. మూడేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టం) ప్రీమియం ఇప్పుడు, 2023లో, ఎక్కడైనా ఒకటే: 1000 నుంచి 1500 సీసీకి 10,640, వెయ్యి లోపు ఇంజన్‌కు 6,521, పైన జీఎస్టీ. తేడా అంతా ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియంలోనే వస్తుంది. బంపర్ టు బంపర్ (పాతబడిందని కోత పెట్టని కవర్)తో మూడు చోట్ల కొటేషన్ తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

బెజవాడ బాబాయ్ | 2023 మే 7

అమ్మా, నేను ఆరేళ్లుగా సెడాన్ నడుపుతున్నాను, అదీ టాప్ ఎండ్. అప్పుడు సన్‌రూఫ్ కోసమే పై వేరియంట్‌కు వెళ్లాను. మా బెజవాడ ఎండలకు దాన్ని తెరిచిన రోజులు ఏడాదికి పది ఉండవు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పరదా కూడా వెనక్కి లాగం. పిల్లలున్న ఇంట్లో సరదా ఉంటుంది, కాదనను. కానీ దాని కోసం కిస్తీ పెంచుకోవద్దు.

నేను రోజూ వాడేవి మీకు చెబుతాను. ఆటోమేటిక్ గేరు. వెనక ఏసీ. స్టీరింగ్ మీద బటన్లు. రివర్స్ కెమెరా. ఇంతే. వీటిలో కెమెరా, స్క్రీన్, సీటు కవర్లు, మ్యాట్లు బయట షాపులో తక్కువ ధరకే వేయించుకోవచ్చు. ఎయిర్‌బ్యాగు ఏ షాపులోనూ వేయరు. గేర్‌బాక్సు మార్చలేరు. తర్వాత పెట్టించుకోలేని వాటికే ముందు డబ్బు పెట్టాలని నా అభిప్రాయం.

ఇక్కడే మీరు వేరియంట్ షీటు మళ్లీ తీసి చూడాలి. ఈ 2023 సిటీ వీలో ఎయిర్‌బ్యాగులు నాలుగు, వీఎక్స్‌లో ఆరు. ఆ ఎక్కువ వచ్చే రెండూ కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, అంటే పక్క నుంచి గుద్దుకున్నప్పుడు కిటికీల వెంట జారి తలను కాపాడేవి. వెనక సీట్లో కూర్చునే వాళ్లకు దక్కేవి అవే. షోరూంలో వీఎక్స్ అనగానే సన్‌రూఫ్ చూపిస్తారు, మీ అమ్మగారికి సంబంధించింది ఈ రెండు బ్యాగులు. వెర్నాలో అయితే కింది వేరియంట్ నుంచే ఆరూ ఉన్నాయి. స్లావియాకు, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌కు పోయిన నెలే గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు వచ్చాయి. బాడీ గట్టిదే. కానీ వాటిలో కూడా ఏ వేరియంట్‌లో ఎన్ని బ్యాగులో చూసుకుని తీసుకోవాలి.

ఏడీఏఎస్ సంగతి. ఈ 2023 మోడళ్లలో, సిటీలో వీ నుంచే ఉంది, వెర్నా ఐవీటీలో ఆప్షనల్‌కు వెళితేనే వస్తుంది. ఉప్పల్ ట్రాఫిక్‌లో దాని మీద ఆశ పెట్టుకోకండి. ముందు బండి ఆగితే తనూ ఆగి మళ్లీ కదిలే క్రూయిజ్ (వేగాన్ని తనే చూసుకునే ఏర్పాటు) పెట్రోల్ సిటీలో లేదు, పెట్రోల్‌తో పాటు బ్యాటరీ మోటారు ఉండే హైబ్రిడ్ సిటీలోనే ఉంది. విజయవాడ హైవే మీద మాత్రం ఉపయోగం ఉంటుంది. పంతంగి టోల్ దాటాక ఖాళీ రోడ్డు మీద కునుకు వచ్చి లైను తప్పితే హెచ్చరిస్తుంది, ఎదురుగా బండి ఉంటే బ్రేకు వేస్తుంది. అలాగని గేదెలు అడ్డం వచ్చినా అదే చూసుకుంటుందని వదిలేయొద్దు.

మీ వారికి లాగుడు నచ్చిందన్నారు. స్లావియా ఒక లీటరు టర్బో ఇంజన్ లాగే బలం (టార్క్) 178 ఎన్ఎం, సిటీది 145, తేడా తెలుస్తుంది. కానీ సూర్యాపేట దాకా మీది నాలుగు వరుసల రోడ్డు. ఎదురొచ్చే లారీని చూసుకుని ఓవర్‌టేక్ చేయాల్సిన అవసరం లేదు. అమ్మగారు వెనక ఉన్నప్పుడు మెల్లగా, కుదుపు లేకుండా వెళ్లేదే మంచిది. సిటీలోని సీవీటీ, వెర్నాలోని ఐవీటీ ఆటోమేటిక్ గేర్లు రెండూ అలాగే నడుస్తాయి.

ఫిజియో, వరంగల్ | 2023 మే 7

నేను ఫిజియోథెరపిస్టుని, అక్కా. కార్ల గురించి పెద్దగా తెలియదు కానీ మోకాళ్లు మార్పించుకున్న వాళ్లను రోజూ చూస్తాను. దయచేసి అమ్మను షోరూంకు తీసుకెళ్లండి. మీరు కూర్చుని "బాగుంది" అనుకుంటే కుదరదు.

ముందు సీటు బాగా ముందుకు జరపమనండి. అమ్మ వెనక్కి తిరిగి, సీటు అంచు కాళ్లకు తగిలే దాకా వచ్చి, చేత్తో పట్టు దొరకబుచ్చుకుని మెల్లగా కూర్చోవాలి. ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. దిగేటప్పుడు ఇదే తిరగేసి చేయాలి. సీటు మీద నున్నటి ప్లాస్టిక్ కవరు వేస్తే తిరగడం తేలిక, కూర్చున్నాక తీసేయండి. సీటు మరీ కిందికి ఉంటే రెండంగుళాల గట్టి దిండు వేయండి, మెత్తటిది వద్దు.

ఒక్కసారి కాదు, ప్రతి కారులోనూ ఐదారుసార్లు ఎక్కించి దించండి. మొదటిసారి అందరూ ఉత్సాహంగా ఎక్కేస్తారు. నాలుగోసారి నొప్పి ఎక్కడుందో తెలుస్తుంది. దిగేటప్పుడు తల ఎంత వంచాల్సి వస్తోందో చూడండి. వెనక కప్పు ఏటవాలుగా ఉండే కార్లలో పెద్దవాళ్లకు అదే ఇబ్బంది. వీలైతే ముందు సీట్లో కూర్చోబెట్టండి, కాళ్లు చాపుకోవడానికి చోటు ఎక్కువ. గంటన్నరకు ఒకసారి దించి నాలుగడుగులు నడిపించండి.

ఉప్పల్ టీచర్ | 2023 మే 14

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న రెండో శనివారం, అమ్మను తీసుకుని పొద్దున పది నుంచి మూడు దాకా మూడు షోరూంలు తిరిగాం.

ఫిజియో తమ్ముడూ, మీరు చెప్పినట్టే ప్రతి బండిలో ఐదుసార్లు ఎక్కించాం. ఒక చోట సేల్స్ అబ్బాయి ఓపిగ్గా స్టూలు తెచ్చి పక్కన పెట్టాడు, తల వంచుకోవాలని అమ్మకు గుర్తు చేస్తూనే ఉన్నాడు. మూడోసారికే అమ్మ ముఖంలో తెలిసిపోయింది ఏ బండిలో కష్టంగా ఉందో. ముందు సీటు అడిగి చూశాను, ఒప్పుకోలేదు. మనవరాలి పక్కనే కూర్చుంటుందట. సరే, వెనకే అయితే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉండాల్సిందేనని నేను పట్టు పట్టాను. దాంతో సిటీ వీ పక్కకు పోయింది. మా వారు వెర్నా ఎస్‌ఎక్స్ అన్నారు. ఆరు బ్యాగులు ఉన్నాయి, 50 వేలు తక్కువ, డిక్కీ 528 లీటర్లు. నాకూ నచ్చింది. కానీ సిటీలో అమ్మకు దిగేటప్పుడు తల వంచే పని తక్కువైంది, పైన పట్టుకునే హ్యాండిల్ సరిగ్గా తన చేతికి అందింది. డిక్కీ 506 లీటర్లే అయినా వాకర్ మడిచి అడ్డంగా పెడితే కుర్చీ కూడా పట్టింది. మేం రెండూ ఇంటి నుంచి తీసుకెళ్లి పెట్టి చూశాం.

సిటీ వీఎక్స్ ఆటోమేటిక్ బుక్ చేశాం, నా పేరు మీదే. హ్యాండ్లింగ్ చార్జీలు తీసేశారు. కిట్ వద్దన్నాం, మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు మాత్రం తీసుకున్నాం. ఇన్సూరెన్స్ బయట అడిగి ఆ కాగితం చూపిస్తే షోరూం వాళ్లే 71 వేల నుంచి 56 వేలకు దిగారు. అయినా 17 దాటి దాదాపు 18 అవుతోంది. ఆ తేడా కోసం ఈ ఏడాది వేసవి ప్రయాణం మానుకున్నాం. వ్యాగన్ఆర్‌ను నా స్కూలుకు ఉంచుకుంటున్నాం.

బెజవాడ బాబాయ్ | 2023 మే 14

మంచి పని చేశావమ్మా. డబ్బు పూర్తిగా కట్టే ముందు బండిని యార్డులో చూసుకోండి. తయారైన నెల, ఛాసిస్ నంబరు ఇన్వాయిస్‌తో సరిపోయాయా చూడండి, పగటి వెలుతురులో చుట్టూ తిరిగి పెయింటు చూడండి, స్టెప్నీ, జాకీ ఉన్నాయో లేదో తెరిచి చూడండి. టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) నంబరు పడ్డాక ఏం అడిగినా వాళ్లు నెమ్మదిస్తారు.

ర్యాంపు సంగతి ఏమైంది? సిటీ కింద ఖాళీ 165 మిల్లీమీటర్లు, స్లావియాకు 179. ఐదుగురు కూర్చుని డిక్కీ నింపితే ఇంకా కిందికి దిగుతుంది.

ఉప్పల్ టీచర్ | 2023 మే 15

మీరడిగాక నిన్న రాత్రే నాన్నకు ఫోన్ చేశాను బాబాయ్ గారూ. కొలిచి చెప్పమంటే టేపు తీసుకుని గేటు దగ్గరికి వెళ్లారు. ర్యాంపు మూడడుగుల పొడవులో అడుగున్నర ఎత్తు లేస్తోందట, ఏ కారైనా తగులుతుంది. ఈ వారంలో మేస్త్రీని పిలిచి దాన్ని రోడ్డు వైపు ఇంకో ఐదడుగులు పొడిగించి వాలు తగ్గిస్తున్నారు. రెండు సిమెంటు బస్తాలు అప్పుడే తెప్పించేశారు. బండి వచ్చేది జూన్ మొదటి వారంలో.