ముందు టైర్లు లోపలి అంచునే అరుగుతున్నాయి, ఏం చేయాలి?

మాది వైజాగ్. రోజూ మధురవాడ నుంచి గాజువాకకి కారులోనే వెళ్తాను, అప్పుడప్పుడూ సింహాచలం ఘాట్ కూడా. ముందు టైర్లు రెండూ లోపలి అంచున చేత్తో తడిమితే నున్నగా తగులుతున్నాయి, బయటివైపు మాత్రం గ్రిప్ బాగానే ఉంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే, డోర్ దగ్గర స్టిక్కర్‌లో ఉన్నంతే గాలి కొట్టిస్తాను. గాలి తక్కువైతే రెండు అంచులూ అరగాలి కదా! అందుకే వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) మీద నా అనుమానం. షాపతను మాత్రం వంగి చూడకుండానే నాలుగూ మార్చేయమంటున్నాడు.

ముందు అలైన్‌మెంట్ చేయించి, వీటిని వెనక్కి మారిస్తే ఇంకొన్నాళ్లు వస్తాయా? ట్రెడ్ (టైరు గాళ్ల లోతు) 1.6 మిల్లీమీటర్లకు దిగితే మార్చాల్సిందేనని తెలుసు. లోపలి అంచు ఒక్కటే అంత అరిగినా అంతేనా? సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు కూడా చూపించాలా? ఎన్ఏడీ జంక్షన్ వైపు అలైన్‌మెంట్ రీడింగ్ ప్రింట్ తీసిచ్చే నమ్మకమైన షాపుంటే చెప్పండి. వర్షాల్లోపు తేల్చుకోవాలి.