బాస్ పడగానే చిన్న యాంప్ ఆగిపోతోంది: యాంప్ మార్చాలా, అడాప్టర్ మార్చాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇన్నేళ్ళూ పాత మ్యూజిక్ సిస్టమ్‌తో నెట్టుకొచ్చాను. అది పోయాక అరచేతిలో పట్టేంత చిన్న డిజిటల్ యాంప్ (ఆంప్లిఫైయర్) ఒకటి కొన్నాను. లోపల టీపీఏ3116 చిప్ ఉందట. డబ్బా మీద '100 వాట్లు + 100 వాట్లు' అని పెద్ద అక్షరాలతో ఉంది. అడాప్టర్ ఇవ్వలేదు. పాత వైఫై రౌటర్‌ది 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ ఖాళీగా పడి ఉంటే, పిన్ సరిపోయింది కదా అని అదే పెట్టాను. స్పీకర్లు 4 ఓమ్‌లవి, సెన్సిటివిటీ 86 డెసిబెల్స్ అని వెనక రాసి ఉంది. గది చిన్నదే. స్పీకర్లకు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటాను.

సమస్యలు రెండు. మెల్లగా పెట్టుకుంటే పాట చాలా బాగుంది, పాత సిస్టమ్ కంటే స్పష్టంగా వినిపిస్తోంది. వాల్యూమ్ సగం దాటించానా, బాస్ గట్టిగా పడిన చోటల్లా శబ్దం ఠక్కున ఆగి, లైటు ఆరి, క్షణం తర్వాత మళ్ళీ వస్తోంది. రెండోది, లాప్‌టాప్ నుంచి పాట పెడితే వెనకాల జుయ్యిమని ఒకటే మోత. ఫోన్ నుంచి పెడితే అది లేదు. దీన్ని వెనక్కిచ్చేసి టీపీఏ3255 చిప్ ఉన్న '300 వాట్ల' యాంప్ తీసుకుందామనుకుంటున్నా. ఇంకో వారంలోపు వెనక్కివ్వొచ్చు. ఏం చెయ్యమంటారు?

మొదటి జవాబు:
తొందరపడి వెనక్కివ్వకండి. మీరు చెప్పినదాన్ని బట్టి యాంప్ బాగానే ఉంది. చేతులెత్తేస్తున్నది ఆ రౌటర్ అడాప్టర్.

లెక్క చూడండి. ఈ చిన్న యాంప్‌లలో స్పీకర్‌కి వెళ్ళే రెండు తీగలనూ చిప్ ఎదురెదురుగా నడిపిస్తుంది. ఒకటి పైకి వెళ్తే రెండోది కిందికి. దీన్నే బ్రిడ్జ్ పద్ధతి అంటారు. అందువల్ల అడాప్టర్ ఎన్ని వోల్టులిస్తే స్పీకర్ మీద శిఖరం, అంటే సిగ్నల్ చేరే గరిష్ఠ స్థాయి, దాదాపు అన్ని వోల్టులు ఉంటుంది. వాట్లు తెలుసుకోవాలంటే వోల్టులను వోల్టులతోనే గుణించి, స్పీకర్ ఓమ్‌ల రెట్టింపుతో భాగించండి. మీకు 12ని 12తో గుణిస్తే 144. 4కి రెట్టింపు 8. 144ని 8తో భాగిస్తే 18. అంటే ఒక్కో స్పీకర్‌కి మహా అయితే 18 వాట్లు. డబ్బా మీద 100 అని ఉన్నా, 1000 అని ఉన్నా 12 వోల్టుల మీద ఇంతకంటే రాదు.

ఇప్పుడు అడాప్టర్ వైపు చూడండి. రెండు స్పీకర్లకూ కలిపి 36 వాట్లు. యాంప్‌లో పోయేది కలుపుకుంటే 40 దాకా కావాలి. మీ అడాప్టర్ ఇవ్వగలిగింది 12 ఇంటూ 2, అంటే 24 వాట్లు. మెల్లగా వింటున్నప్పుడు ఒకటి రెండు వాట్లే ఖర్చవుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. బాస్ పడినప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. అడాప్టర్ తన రక్షణ కోసం ఆగిపోయి మళ్ళీ లేస్తుంది. మీరు చూస్తున్న ఆరడం, వెలగడం అదే. యాంప్ చిప్ వేడెక్కి ఆగితే ఇంత చప్పున తిరిగి రాదు, చల్లారేదాకా మౌనంగా ఉంటుంది.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి ఆ 100 వాట్లు పూర్తిగా అబద్ధమేనా?

మొదటి జవాబిచ్చినవారు:
అబద్ధమనను, అతిశయోక్తి అంటాను. చిప్ తయారుచేసిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ పత్రంలో ఉన్నది 21 వోల్టుల మీద, 4 ఓమ్‌ల స్పీకర్‌కి, ఒక్కో ఛానల్‌కి 50 వాట్లు. అది కూడా 10 శాతం డిస్టార్షన్ (అసలు శబ్దం చెడి మారడం) దగ్గర. అంత డిస్టార్షన్‌లో గొంతు బొంగురుపోయినట్టు వినిపిస్తుంది. పాట శుభ్రంగా వినాలంటే అందులో కొంత తగ్గించి లెక్కేసుకోవాలి.

ఈ గొప్పలు ఇప్పటివి కావు లెండి. ఈ తరహా యాంప్ మొదటిసారి అమ్మకానికి వచ్చింది 1964లో, సింక్లెయిర్ కంపెనీ కిట్‌గా. పేరు ఎక్స్-10, పేరులో పది ఉన్నా ఇచ్చింది రెండున్నర వాట్లే!

రెండో సభ్యుడు:
అన్న చెప్పింది కరెక్ట్. నేను కూడా మొదట్లో ఇలాగే అడాప్టర్‌ని పట్టించుకోకుండా రెండు యాంప్‌లు మార్చాను. చివరికి దోషం అడాప్టర్‌ది.

ఒక చిన్న మాట. దీన్ని డిజిటల్ యాంప్ అని అందరం అంటాం కానీ ఈ రకం యాంప్ అసలు పేరు క్లాస్ డి, అందులోని 'డి' అంటే డిజిటల్ కాదు. యాంప్ రకాలకు ఏ, బీ, సీ అయిపోయాయి కాబట్టి తర్వాతి అక్షరం పెట్టారు, అంతే. లోపల జరిగేది ఏమిటంటే, పాట సిగ్నల్‌ని సెకనుకి లక్షలసార్లు ఆన్, ఆఫ్ అయ్యే పల్స్‌లుగా మారుస్తుంది. సిగ్నల్ ఎక్కువగా ఉంటే పల్స్ వెడల్పు పెరుగుతుంది, తగ్గితే సన్నబడుతుంది. చివర్లో ఉండే కాయిల్, కెపాసిటర్ కలిసి ఆ పల్స్‌లను చదును చేసి మళ్ళీ పాటగా మారుస్తాయి. ట్రాన్సిస్టర్లు పూర్తిగా ఆన్‌లోనో పూర్తిగా ఆఫ్‌లోనో ఉంటాయి కాబట్టి వేడి తక్కువ. అందుకే పెద్ద హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు పలక) లేకుండా అరచేతిలో పడుతోంది.

ఇది ఇళ్ళలో పాకింది 2000ల మొదట్లో, ట్రైపాత్ కంపెనీ చిప్‌ల వల్ల. టీఏ2024 చిప్‌తో వచ్చిన సోనిక్ ఇంపాక్ట్ వారి టీ-యాంప్ ఎనిమిది పెన్సిల్ సెల్స్ మీద నడిచేది. బొమ్మలా ఉందని నవ్వినవాళ్ళే విన్నాక నోరు మూసుకున్నారు. ఆ కంపెనీ 2007లో దివాలా తీసింది.

అడిగినవారు:
సరే, అయితే ఏ అడాప్టర్ కొనాలి? 24 వోల్టులది పెడితే ఇంకా పవర్ వస్తుంది కదా?

మొదటి జవాబిచ్చినవారు:
లెక్క ప్రకారం 72 వాట్లు వస్తాయి. కానీ 4 ఓమ్‌ల స్పీకర్లతో వద్దంటాను. 24 వోల్టులకు శిఖరం దగ్గర 6 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పైగా 4 ఓమ్‌లని రాసిన స్పీకర్ కొన్ని స్వరాల దగ్గర మూడుకి కూడా దిగుతుంది. అక్కడ కరెంటు ఇంకా పెరిగి, చిన్న హీట్‌సింక్ ఉన్న బోర్డు సలసల కాగుతుంది. ఇంకోటి, చవక బోర్డుల్లో కెపాసిటర్ల మీద '25 వోల్టులు' అని ఉంటుంది. వాటికి 24 ఇవ్వడమంటే గోడ అంచున నడిపించడమే. వీలైతే మూత తీసి చూడండి, 35 అని ఉంటే కాస్త నిశ్చింత. 8 ఓమ్‌ల స్పీకర్లయితే 24 వోల్టులు హాయిగా వాడుకోవచ్చు, 36 వాట్లు వస్తాయి.

మీకు సరిపోయేది 19 వోల్టులది. పాత లాప్‌టాప్ అడాప్టర్ ఉంటే కొననే అక్కర్లేదు. 19 వోల్టులు, 4.74 ఆంపియర్లు, అంటే 90 వాట్లు. లెక్కకి ఒక్కో స్పీకర్‌కి 45 వాట్లు, చేతికొచ్చేది కాస్త తక్కువ.

పెట్టేముందు మల్టీమీటర్‌తో మధ్య పిన్ ప్లస్ అవునో కాదో చూసుకోండి. తిరగబడితే చిప్ ఒక్క క్షణంలో పోతుంది. జాక్ కొలత కూడా చూడండి. బయట 5.5 మిల్లీమీటర్లే ఉన్నా లోపల 2.1, 2.5 అని రెండు రకాలు. 2.5 ప్లగ్‌ని 2.1 పిన్ ఉన్న సాకెట్‌లో పెడితే వదులుగా ఆడి మధ్యమధ్యలో కరెంటు పోతుంది. కొన్ని లాప్‌టాప్ అడాప్టర్ల మధ్యలో సన్నటి సూది ఉంటుంది. అది లాప్‌టాప్‌తో మాట్లాడుకునే తీగ, ఆ రకం ఇక్కడ పనికిరాదు.

మూడో సభ్యుడు:
బ్రదర్, అంత హైరానా ఎందుకు, 3255 తీసుకుంటే జీవితానికి సరిపోతుంది. దాని దమ్మే వేరు.

మొదటి జవాబిచ్చినవారు:
చిప్ మంచిదే, కాదనను. దాదాపు 50 వోల్టుల దాకా తీసుకుంటుంది, డిస్టార్షన్ కూడా తక్కువ. కానీ దాంతోపాటు 32 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చారనుకోండి. మొత్తం 160 వాట్లు. అందులో పోయేది పోగా ఒక్కో స్పీకర్‌కి నిలకడగా 70 వాట్ల చిల్లర. డబ్బా మీద 300 ఉన్నా అక్కడా అదే కథ.

పైగా వీరికి ఆ పవర్ అవసరమా అన్నది ముందు చూడాలి. 86 డెసిబెల్స్ అంటే ఒక వాట్ దగ్గర, ఒక మీటర్ దూరంలో వచ్చే శబ్దం. వాట్లు రెట్టింపైతే 3 డెసిబెల్స్ పెరుగుతాయి. 16 వాట్ల దగ్గర 98. మూడు మీటర్ల దూరానికి ఓ పది తీసేసినా, రెండో స్పీకర్‌ది 3 కలిపితే 91. ఇంట్లోవాళ్ళు వచ్చి తలుపు కొట్టే స్థాయి అది. 12 వోల్టుల నుంచి 19కి వెళ్తే 4 డెసిబెల్స్ లాభం, స్పష్టంగా తెలుస్తుంది. అక్కడి నుంచి 70 వాట్లకు వెళ్తే ఇంకో 2. అంతకోసం కొత్త యాంప్ ఎందుకు? పెద్ద హాలు, సెన్సిటివిటీ తక్కువ స్పీకర్లు ఉంటే మాత్రం 3255 వైపు వెళ్ళమని నేనే చెప్తాను.

అడిగినవారు:
అర్థమైంది. ఇంట్లో ఒక పాత సబ్‌వూఫర్ (బాస్ కోసం వేరే స్పీకర్) కూడా ఉంది. స్పీకర్ టెర్మినల్స్ నుంచే దానికీ తీగ లాగి, రెండు నలుపు తీగలూ కలిపేస్తే పని అయిపోతుందని తెలిసినాయన ఒకరు చెప్పారు.

రెండో సభ్యుడు:
వద్దండీ బాబూ! పైన అన్న బ్రిడ్జ్ అన్నారు చూడండి, అందుకే వద్దు. పాత యాంప్‌లలో నలుపు తీగ అంటే మామూలుగా గ్రౌండ్. ఇందులో నలుపులో కూడా సిగ్నల్ ఉంటుంది. రెండు నలుపులూ కలపకూడదు, నలుపుని గ్రౌండ్‌కి తగిలించకూడదు. చిప్‌కి రక్షణ ఉంటుంది కానీ ప్రతిసారీ దాని మీద భారం వెయ్యకూడదు. యాంప్‌కి సబ్ అవుట్ ఉంటే అది వాడండి. లేకపోతే ఫోన్ నుంచి వచ్చే లైన్ సిగ్నల్‌నే వై-కేబుల్‌తో చీల్చి ఒకటి యాంప్‌కి, ఒకటి సబ్‌వూఫర్‌కి ఇవ్వండి. స్పీకర్ తీగ చివర్లో సన్నటి పోగు ఒకటి పక్కదానికి తగిలినా ఇదే ప్రమాదం. బాగా మెలిపెట్టి బిగించండి.

మొదటి జవాబిచ్చినవారు:
ఆ జుయ్యిమనే మోత సంగతి. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద వినండి. మోత పోతే అది గ్రౌండ్ లూప్. చార్జర్, యాంప్ అడాప్టర్ రెండూ ఇంటి కరెంటు ద్వారా ఒకసారి, ఆడియో కేబుల్ షీల్డ్ ద్వారా ఇంకోసారి కలుస్తున్నాయి. ఆ చుట్టులో పారే కరెంటే చెవికి మోతగా వినిపిస్తోంది. ముందు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి, చాలాసార్లు సగం తగ్గుతుంది. అప్పటికీ పోకపోతే ఆడియో కేబుల్ మధ్యలో పెట్టే చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది. మరీ చవకది లోతైన బాస్‌ని కొంచెం తినేస్తుంది, అది తెలిసి కొనండి. ఆప్టికల్ (కాంతి తీగ) ఇన్‌పుట్ ఉన్న డీఏసీ, అంటే డిజిటల్ సిగ్నల్‌ని మామూలు ఆడియోగా మార్చే పెట్టె, వాడితే మధ్యలో లోహపు తీగే ఉండదు కాబట్టి లూప్ ప్రశ్నే రాదు, కానీ లాప్‌టాప్‌లో ఆప్టికల్ అవుట్ ఉండాలి. ఎర్త్ పిన్ విరగ్గొడితే మోత పోతుందని ఎవరైనా చెప్తే వినకండి. మోత పోవచ్చు, షాక్ కొట్టినప్పుడు కాపాడేది కూడా పోతుంది.

అడిగినవారు (నాలుగు రోజుల తర్వాత):
అన్నా, చెప్పినట్టే చేశాను. పాత లాప్‌టాప్‌ది 19 వోల్టుల అడాప్టర్ దొరికింది. మీటర్ పెట్టి చూస్తే 19.3, మధ్య పిన్ ప్లస్. వాల్యూమ్ ముప్పావు దాకా పెట్టి అరగంట విన్నాను, ఒక్కసారి కూడా ఆగలేదు. యాంప్ గోరువెచ్చగా ఉంది, అంతే. చార్జర్ పీకగానే మోత టక్కున పోయింది. ఒకే బోర్డుకి పెట్టాక చాలా తగ్గింది. మిగిలినది రాత్రి నిశ్శబ్దంలోనే తెలుస్తోంది, అందుకని ప్రస్తుతానికి బ్యాటరీ మీదే వింటున్నా.

ఇంకో రెండు సందేహాలు, విసుక్కోకండి. పాట లేనప్పుడు ట్వీటర్ (స్పీకర్‌లో సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం) దగ్గర చెవి పెడితే స్... అని వినిపిస్తోంది. వాల్యూమ్ బాగా తగ్గిస్తే ఎడమ స్పీకర్ ముందు ఆగిపోయి కుడిది మాత్రమే పలుకుతోంది. ఇవి దేనివల్ల?

మొదటి జవాబిచ్చినవారు:
విసుగెందుకు, అడగండి. చెవి ఆనిస్తేనే వినిపించే హిస్ గురించి మర్చిపోండి. చిప్ గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది, ఎక్కువగా పెట్టి అమ్ముతారు, దాంతో హిస్ కూడా పెరుగుతుంది. ఈ చిప్‌లో 20 నుంచి 36 డెసిబెల్స్ దాకా నాలుగు మెట్లున్నాయి, బోర్డు మీద రెసిస్టర్లతో మారతాయి. సోల్డరింగ్ చెయ్యి తిరిగినవాళ్ళు తగ్గించుకుంటారు. కూర్చునే చోటికి వినిపించనప్పుడు దాని జోలికి వెళ్ళకండి.

రెండోది వాల్యూమ్ నాబ్ దోషం. అందులో రెండు ట్రాకులుంటాయి. చవక నాబ్‌లలో మొదటి కొద్ది తిప్పులోనే రెండూ సమానంగా ఉండవు. యాంప్ నాబ్‌ని సగానికి దగ్గరగా ఉంచేసి, హెచ్చు తగ్గులు ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో చేసుకోండి. ఫోన్‌ని మరీ అడుక్కి దించి యాంప్‌ని చివరిదాకా తిప్పితే మాత్రం ఆ హిస్ పైకి వస్తుంది.

మూడో సభ్యుడు:
లోపల ఆప్-యాంప్ (సిగ్నల్‌ని ముందుగా పెంచే చిన్న చిప్) తీసి వేరేది పెడితే సౌండ్ మారిపోతుందంటారు, అది కూడా ట్రై చెయ్యండి బ్రదర్.

రెండో సభ్యుడు:
నేను మూడు రకాలు మార్చి చూశాను. మారింది నా మూడ్ ఒక్కటే. అదే సాయంత్రం స్పీకర్లను గోడకి ఒక జానెడు దూరం జరిపితే బాస్‌లో గుంయ్‌మనడం తగ్గి పాట విప్పారింది. ముందు అది చేసి చూడండి.

అడిగినవారు:
నావి గోడకి ఆనించే ఉన్నాయండీ. ఇప్పుడే జరుపుతున్నా.